బొర్రా: మాదా, మనదా?

సంక్రాంతి సెలవులకు ముందు ఎనిమిదో తరగతి పిల్లల్ని బొర్రా గుహలకు తీసుకెళ్లాం. కిరండోల్ పాసింజరు వేళలు మా బడికి కుదరవు. మూడు జీపులు మాట్లాడుకుని, ఇరవై ఎనిమిది మంది పిల్లలు, ముగ్గురు మాస్టర్లం ఎలాగో సర్దుకుని కూర్చున్నాం. అనంతగిరి మలుపుల్లో ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. మిగతావాళ్లు దారంతా పాటలు పాడారు.

టికెట్ల కిటికీ దగ్గర లైను పెద్దదిగా ఉంది. విశాఖ నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చిన కుటుంబాలు నిలబడి ఉన్నాయి. రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుస్తున్న పొగ. కోతులు ఎవరి చేతిలో సంచి ఉందా అని చూస్తున్నాయి. మేము పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ, డబ్బులు తీస్తూ ఉంటే ఒక కుర్రాడు దగ్గరికొచ్చి అడిగాడు. వాడి మేనమామది బొర్రా పంచాయతీలోని ఊరే.

"మాస్టారూ, ఈ కొండ మాది గదా. మరి మనకెందుకు టికెట్టు?"

లోపల దీపాలు పెట్టాలి, మెట్లు బాగుచేయాలి, ఊడ్చేవాళ్లకు జీతాలివ్వాలి, దానికి డబ్బు కావాలి కదా అని చెప్పాం. అది అబద్ధం కాదు. వాడు తలూపి లైనులోకి వెళ్లిపోయాడు. కానీ వాడు అడిగింది దీపాల ఖర్చు గురించి కాదని మాకూ తెలుసు, వాడికీ తెలుసు. మాస్టర్లకు ఇలాంటి జవాబులు జేబులో సిద్ధంగా ఉంటాయి. పిల్లవాడి నోరు మూయించడానికి సరిపోయేవి, వాడి ప్రశ్నను మాత్రం తాకనివి.

తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. వాడు ఒకే ఊపిరిలో రెండు మాటలు వాడాడు. కొండ అనేసరికి "మాది" అన్నాడు. టికెట్టు అనేసరికి "మనకు" అన్నాడు. వ్యాకరణం చెప్పేటప్పుడు మేము నల్లబల్ల మీద రాసేదే ఇది. "మేము" అంటే వింటున్నవాడు అందులో లేడు. "మనం" అంటే వింటున్నవాడూ ఉన్నాడు. హిందీ నేర్చుకునేటప్పుడు మాకు ఈ తేడా దొరక్క తికమకపడ్డాం, అక్కడ రెంటికీ ఒకటే మాట. కువి, కొండ భాషల్లో మాత్రం తెలుగులో లాగే ఈ తేడా ఉంది. మన భాషలు మాట్లాడే పిల్లవాడు రోజుకు వందసార్లు తెలియకుండానే తేల్చుకుంటాడు: ఎదుటివాణ్ని లోపలికి రానివ్వాలా, గుమ్మం బయట నిలబెట్టాలా అని. ఆ కుర్రాడు మమ్మల్ని "మన"లో కలుపుకున్నాడు, మేమూ వాడిలాగే టికెట్టు కొంటున్నాం కాబట్టి. లైనులో ఉన్న మిగతా జనం ఎందులోకి వస్తారు? బొర్రా మాదా? మనదా? మనదైతే ఆ "మన"లో ఎవరెవరు?

ఈ పుస్తకం చదివే మన యువతకు, తోటి మాస్టర్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. బొర్రా కాకపోతే ఇంకో జలపాతం, ఇంకో గుట్ట. అందుకని మాకు తోచింది రాస్తున్నాం.

ముందు లోపలికి దిగుదాం. గుహ నోరు చాలా పెద్దది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి వచ్చే పగటి వెలుగు కాసేపు తోడు వస్తుంది, తరువాత ఆగిపోతుంది. సుమారు 80 మీటర్ల లోతు. చల్లగా ఉంటుంది, గబ్బిలాల వాసన వస్తుంది. ఎక్కడో నీటి చుక్క పడిన చప్పుడు. అంతసేపూ అల్లరి చేసిన పిల్లలు ఆ చప్పుడు విని ఒక్కసారిగా గొంతు తగ్గించారు. ఎవరూ చెప్పలేదు.

అక్కడే నిలబడి సైన్సు పాఠం చెప్పాం. పుస్తకంలో రెండు పేరాల్లో అయిపోయే పాఠం ఇది, కానీ కొండ కింద నిలబడి చెబితే వేరు. కొండ మీద వాన పడుతుంది. ఆ నీరు గాలిలోంచి కొంత, కుళ్లిన ఆకుల మట్టిలోంచి ఇంకా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. అది సున్నపురాయి పగుళ్లలోకి దిగుతూ రాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటుంది. గుహ కప్పు దగ్గరికి వచ్చి చుక్కగా వేలాడేసరికి ఆ వాయువు గాలిలోకి పోతుంది, సున్నం మిగిలిపోతుంది. అలా కప్పు నుంచి కిందికి దిగేవి స్టాలక్టైట్లు. కింద పడిన చుక్క నుంచి పైకి మొలిచేవి స్టాలగ్మైట్లు. కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభాలయ్యాయి. చోటును బట్టి ఎక్కువ తక్కువలు ఉన్నా, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరగడం అంటే మామూలు లెక్క. ఒక మనిషి పుట్టి, పెరిగి, ముసలివాడై పోయేలోగా ఆ రాయి గోరు వెడల్పంత కూడా పెరగదు.

ఇందులో మేము పిల్లలకు గట్టిగా చెప్పింది ఒకటుంది. నీటికి ఆ పులుపు ఎక్కువగా ఇచ్చేది పైనున్న అడవి. పైన ఆకు రాలి కుళ్లకపోతే కింద రాయి ఇలా పెరగదు. టికెట్టు కొని చూసేది లోపలి రాయినే అయినా, దాన్ని తయారు చేస్తున్నది టికెట్టు లేని అడవి. ఆ అడవిలో ఎవరు తిరుగుతారు, ఎవరు పశువులు మేపుతారు, ఎవరు అడ్డాకులు కోస్తారు అన్నది వేరే చెప్పనక్కర్లేదు.

గైడు కుర్రాడు కూడా ఈ చుట్టుపక్కలవాడే. టార్చి వేసి చూపించాడు: ఇది శివపార్వతులు, ఇది ఋషి గడ్డం, ఇది తల్లీబిడ్డ, ఇది మొసలి, ఇది మెదడు. పిల్లలు వాటితో ఆగలేదు. ఒకమ్మాయి ఒక రాయిని చూసి "ఇది మా అమ్మమ్మ పండుకున్నట్టుంది" అంది. గైడు నవ్వి, ఆ తరువాత తన మామూలు మాటలందుకున్నాడు: "ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే తెల్లదొర కనుగొన్నాడు."

ఈ వాక్యం మీరూ చదివే ఉంటారు. పర్యాటక కరపత్రాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో ఉంటుంది. మేమూ ఏళ్ల తరబడి అదే చెప్పాం, బిట్ పేపర్లో అడిగాం, సరిగ్గా రాసినవాడికి మార్కు వేశాం. ఒకరోజు తీరిగ్గా చూస్తే తేదీలే అతకలేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1851లో. పుట్టని సంస్థలో ఆ దొర 1807లో ఎలా ఉద్యోగం చేశాడు? ఏడాదైనా తప్పయి ఉండాలి, సంస్థ పేరైనా తప్పయి ఉండాలి. ఇన్నేళ్లుగా ఇంతమంది చదువుకున్నవాళ్లు దాన్ని ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ వచ్చారు. మన తాత ఒక కథలో ఏడాది తప్పు చెబితే "అది పుక్కిటి పురాణం" అంటారు. అచ్చులో ఉన్న తప్పును చరిత్ర అంటారు.

ఇక రెండో కథ. మన పెద్దలు చెప్పేది, లోపలి గుడి దగ్గరా వినిపించేది. కొండ మీద మేస్తున్న ఆవు ఒక కన్నంలోంచి గుహలో పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ వచ్చి, గుహలోకి దిగి, లింగంలాంటి రాయిని చూశాడు. ఆవును దేవుడే కాపాడాడని ఊరంతా నమ్మింది. ఇక్కడ పుట్టిన నదికి గోస్తని అనే పేరు అలాగే వచ్చిందంటారు, ఆవు పొదుగు అని అర్థం. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికి కదులుతాయి. "బొర్ర" అంటే ఒరియాలో కన్నం అని చెబుతారు. ఈ కథలో ఆవుకు చోటుంది, దేవుడికి చోటుంది, నదికి పేరుంది. కాపరికి పేరు లేదు. దొర కథలో తేదీ తప్పయినా పేరు నిలిచింది. కాపరి కథలో అన్నీ నిలిచాయి, పేరు తప్ప.

మూడోది కథ కూడా కాదు. ఈ గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రం వాళ్లకు పాత రాతియుగం నాటి రాతి పనిముట్లు దొరికాయి. అంటే వేల వేల ఏళ్ల కిందట ఇక్కడ మనుషులు రాయిని రాయితో చెక్కుతూ కూర్చున్నారు, బహుశా వానకు తడవకుండా ఈ కప్పు కిందికే చేరి. వాళ్లకు పేరూ లేదు, కథా లేదు.

"కనుగొనడం" అనే మాటను విడదీస్తే కను, కొను. కంటితో చూసి తనది చేసుకోవడం. కాపరి చూశాడు, కానీ కొనలేదు. ఆవును తోలుకుని ఇంటికి పోయాడు. దొర చూసి కాగితం మీద రాసుకున్నాడు, కాగితం మీద ఉన్నది ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదయింది. ఇప్పుడు మేము తరగతిలో "కనుగొన్నాడు" అని రాయడం మానేశాం. "ఒక దొర వచ్చి చూసి రాసుకున్నాడు" అని రాస్తున్నాం. పరీక్షలో మార్కు పోతుందేమోనని ఒక తోటి మాస్టారు భయపడ్డారు. పోతే ఒక మార్కు పోతుంది.

ఇంతవరకు చదివిన యువకుడు "అయితే తేలిపోయింది, బొర్రా మాది" అంటాడు. మేమూ ఆ వయసులో అలాగే అన్నాం. అన్నాక ఏం చేశామో కూడా చెప్పాలి.

ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో మేము భీమునిపట్నంలో గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. కొండల నుంచి వెళ్లినవాళ్లం నలుగురం. గోస్తని సముద్రంలో కలిసేది అక్కడే. సాయంత్రాలు ఆ నది నోటి దగ్గర కూర్చుని, ఈ నీళ్లు మా కొండ నీళ్లు అనుకునేవాళ్లం. ఇంటి మీద బెంగ తీరేది. ఒక సెలవులో ఊరికి వస్తూ నలుగురం బొర్రా దగ్గర దిగాం. లోపల జనం లేని ఒక మూల, చేతికందే ఎత్తులో, పిల్లవాడి చేతి వేళ్లలా వేలాడుతున్న రాళ్లు. ఒకదాన్ని విరిచాం. చిన్న చప్పుడయింది, అంతే. నలుగురిలో చేయి చాచింది ఎవరో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం. రాయి మాత్రం మా ఇంట్లోనే ఉంది.

ఆ రోజు మాకు తప్పు చేశామనిపించలేదు. పట్నం నుంచి వచ్చినవాళ్లు పేర్లు చెక్కిపోతుంటే, మాది మేము తీసుకుంటే ఏమయింది అనుకున్నాం. భీమిలిలో కిటికీ మీద పెట్టుకున్నాం. ఎవరైనా వస్తే "మా బొర్రా రాయి" అని చూపించేవాళ్లం. "మాది" అన్న మాట ఆ రాయిని ఎలా కాపాడింది? కాపాడలేదు. చేయి చాచడానికి ధైర్యం మాత్రం ఇచ్చింది. దొర కాగితం మీద రాసుకుని తనది చేసుకున్నాడని ఇందాక ఎత్తిపొడిచాం కదా. మేము విరిచి తెచ్చుకుని మాది చేసుకున్నాం.

ఈ మాట మన సభల్లో ఎవరూ ఎక్కువగా చెప్పరు. హక్కు గురించి మాట్లాడటం మొదలుపెట్టాక మన తప్పు గురించి మాట్లాడితే ఎదుటివాడికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని భయం. ఆ భయానికి కారణం ఉంది. అయినా పిల్లల ముందు నిలబడేవాళ్లం, దాచిపెట్టి ఎంతకాలం చెబుతాం?

ఇక హక్కు విషయానికి వద్దాం, ఎందుకంటే అది లేకుండా మిగతా మాటలకు కాళ్లు ఉండవు. బొర్రా పేరు ఈ దేశపు న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలుసు, గుహల వల్ల కాదు. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడి ఖనిజం తవ్వుకోవడానికి ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒక మాట, ఒకరు వేరే మాట చెప్పగా తీర్పు వచ్చింది.

ఆ తీర్పు గుండెకాయ ఒక చిన్న మాటలో ఉంది. 1959 నాటి 1వ నంబరు భూబదలాయింపు నిబంధన, 1970లో సవరించిన తరువాత, ఏజెన్సీలో ఏ "వ్యక్తీ" గిరిజనేతరుడికి భూమి బదిలీ చేయకూడదంటుంది. మనందరం వన్ ఆఫ్ సెవంటీ అనేది దీన్నే. ప్రభుత్వం ఆ "వ్యక్తి" కిందికి వస్తుందా రాదా అన్నది ప్రశ్న. వస్తుందని కోర్టు చెప్పింది. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, అడవి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదు. పిల్లల భాషలో చెబితే: ఇక్కడ ప్రభుత్వం "ఇది మన ఆస్తి, నేను ఎవరికైనా ఇస్తాను" అనడానికి లేదు. చాలాకాలంగా "మన" అనే మాటతోనే మన చేతిలోంచి అన్నీ పోయాయి. దేశ సంపద అన్నారు, జాతి ప్రయోజనం అన్నారు. అరకు, బొర్రా మీదుగా పోయే రైలు మార్గం వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి. గుహల స్టేషన్లో నిలబడితే ఇప్పటికీ ఎర్ర దుమ్ము వ్యాగన్లు మన ముందు నుంచే పోతాయి. పై నుంచి వచ్చినవాడు "మన" అన్నప్పుడల్లా మన పెద్దలు సంచి గట్టిగా పట్టుకున్నారంటే, వాళ్లను తప్పు పట్టలేం.

కానీ ఆ తీర్పు ఇంకో తలుపు కూడా తెరిచి ఉంచింది. ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చు. గిరిజనులు తమ సహకార సంఘాలతో తవ్వుకోవచ్చు. తవ్వితే వచ్చిన నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల బాగు కోసం నిధిగా పెట్టాలి. మా దగ్గర చదువుకుని డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న ఒక కుర్రాడు సంతలో మమ్మల్ని పట్టుకుని ఇదే అడిగాడు. వాడు కోపంగా లేడు, లెక్కగా అడిగాడు.

"మాస్టారూ, బయటోడు తవ్వకూడదు. బాగుంది. మరి మన సంఘమే తవ్వితే? రాయి మనదే, కూలి మనదే, లాభం మనదే. అప్పుడేటి తప్పు?"

మేము వెంటనే "తప్పే" అనలేకపోయాం. నెలనెలా జీతం తీసుకునే మాస్టారు, ఉద్యోగం లేని కుర్రాడికి "కొండను చూసి ఆనందించు" అని చెప్పడం సులువు, చెప్పకూడని సులువు. వాళ్ల ఇంట్లో అప్పు ఉంది. చెల్లెలి నర్సింగు చదువు మధ్యలో ఆగింది. గుహల దగ్గర గైడు పని ఎంతమందికి దొరుకుతుంది? కొండ అమ్మకానికి కాదు అని పాడేవాళ్లలో చాలామంది కొండ మీద బతకరు. ఇదంతా వాడు అనలేదు, వాడి ముఖంలో ఉంది.

టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి వాడికి మేము చెప్పింది, ఇప్పుడు మీకూ చెబుతున్నది ఇది. ఎవరు తీసుకోవచ్చు అన్నది చట్టం చెబుతుంది. ఎంత తీసుకోవచ్చు, ఎప్పుడు తీసుకోవచ్చు అన్నది మన ఊరు చెబుతుంది. మన ఇంటి వెనక మామిడిచెట్టు మనదే. మన తాత నాటిందే. అయినా కొత్త పండగ కాకుండా కాయ కోసి తినం. పిల్లవాడు రాయి విసిరితే ముసలమ్మ అరుస్తుంది. మనది కాబట్టే అడిగి తినాలి. బజారులో కొన్న మామిడికాయకు కొత్త పెట్టక్కర్లేదు, డబ్బు ఇచ్చేశాం, బంధం తీరిపోయింది. తీరని బంధం ఉన్నచోటే అడగడం ఉంటుంది. కొర్రకు కొత్త ఉంది, కందికి కొత్త ఉంది. చెట్టు మళ్లీ కాస్తుంది, కొర్ర మళ్లీ పండుతుంది, అయినా అడుగుతాం. సున్నపురాయి మన ఎరుకలో మళ్లీ పండదు. దాన్ని తీసుకోవడానికి ఏ పండగ చేస్తావు, ఎవర్ని అడుగుతావు?

వాడు వెంటనే అన్నాడు, "అడవి నరికి పోడు కొట్టినప్పుడు అడిగేమా మాస్టారూ?" అడిగాం. కొన్నేళ్లు సాగు చేసి, వదిలేసి, అడవికి తిరిగి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ వదిలేసే ఏళ్లు తగ్గిపోతున్నాయి, నిజమే. భూమి తగ్గింది, మనుషులు పెరిగారు. అలవాట్లు మంచివని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ అలవాట్లు నిలబడటానికి కావలసినంత నేల కూడా ఉండాలి. ఆ కుర్రాడి మాటకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం వాడు ఒప్పుకున్నాడు: కొండను తవ్వితే వచ్చే డబ్బు ఒక తరానికి, పోయే నీరు అన్ని తరాలకు.

నీటి మాట వచ్చింది కాబట్టి "మన" సంగతి మళ్లీ చూడాలి. గోస్తని ఈ కొండల్లోంచి దిగి, తాటిపూడి జలాశయంలో చేరి, అక్కడి నుంచి విశాఖకు తాగునీరవుతుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. టికెట్ల లైనులో మా ముందు నిలబడిన విశాఖ కుటుంబం ఆ ఉదయం బయల్దేరే ముందు తాగి వచ్చింది ఈ కొండ నీళ్లే కావచ్చు. వాళ్లకు తెలియదు. తెలిస్తే వాళ్లూ "మన కొండ" అంటారేమో. అనొచ్చా?

మా ఆలోచన ఇలా ఉంది. ఇంటివాడు అతిథిని గుమ్మం దగ్గర చూసి "రండి, మన ఇల్లే అనుకోండి" అంటాడు. ఆ మాట అనే హక్కు ఇంటివాడిది. అతిథే ముందుగా లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని, "ఇది మన ఇల్లే" అంటే అది వేరు. "మా"ను "మన"గా మార్చే అధికారం "మా" అనేవాడి దగ్గర ఉండాలి. మన కొండల విషయంలో ఇంతకాలం జరిగింది తలకిందులు. వచ్చినవాడు "మన" అన్నాడు, ఉన్నవాడు "మా" అనడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అందుకే ముందు "మా" గట్టిగా నిలబడాలి. నిలబడ్డాక దాని పని తలుపు వేసుకుని కూర్చోవడం కాదు. అతిథికి నీళ్లిచ్చి, ఇక్కడ చెప్పులు విప్పు, దీన్ని ముట్టుకోకు, ఇక్కడ గట్టిగా అరవకు అని చెప్పడం. చెప్పాలంటే మనకు ముందు తెలియాలి. చేతి చమురు, చెమట అంటితే ఆ రాతి మీద నీటి చుక్క సున్నం సరిగా వదలదు. దీపాల వెలుగు పడేచోట నాచు పుట్టి రాయి పచ్చబడుతుంది. రంగురంగుల దీపాలు కావాలా వద్దా అన్నది మన గ్రామసభల్లో ఎప్పుడైనా చర్చించామా? రోడ్డు, పింఛను, రేషను గురించి మాట్లాడుకునేసరికే పొద్దు గూకుతుంది. అవి అవసరమే. అయినా కొండ లోపలి దీపం రంగు కూడా మన సంగతే.

టికెట్టు గురించి అడిగిన కుర్రాడికి ఇప్పుడు ఏం చెప్పాలి? టికెట్టు కొనక్కర్లేదు అని చెప్పలేం, కొనాల్సిందే అని ఊరుకోలేం. ఆ డబ్బు ఎక్కడికి పోతోంది, గుహ చుట్టూ ఉన్న ఊళ్లకు ఎంత తిరిగి వస్తోంది అని అడగడం వాడి హక్కు, పెద్దయ్యాక గ్రామసభలో లేచి అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే నోరు వాడికి ఉండేలా చూడటం మా పని. ఇంతకన్నా మంచి జవాబు మీ దగ్గర ఉంటే మాకు రాయండి, తరగతిలో చదివి వినిపిస్తాం.

సెలవులయ్యాక బడి తెరిచిన రెండో రోజు ఇంట్లోంచి ఆ రాయిని సంచిలో వేసుకుని తీసుకెళ్లాం. బల్ల మీద పెట్టి, ఎలా వచ్చిందో దాచకుండా చెప్పాం. తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంది. మాస్టారు దొంగతనం చేశాడని విన్న పిల్లల నిశ్శబ్దం ఎలా ఉంటుందో మాస్టర్లకు తెలియాలి, ఒకసారైనా. టికెట్టు కుర్రాడు లేచి వచ్చి రాయిని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. స్కేలు పెట్టి కొలిచాడు. పది సెంటీమీటర్లు. నల్లబల్ల మీద లెక్క వేశాడు: ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అయితే, పది సెంటీమీటర్లకు వెయ్యేళ్లు. సున్నాలు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"తీసుకెళ్లి అతికించేద్దాం మాస్టారూ" అంది ఒకమ్మాయి. అతకదు అని చెప్పాం. "అయితే గుహలోనే పెట్టేద్దాం, దాని ఇల్లు కదా" అన్నారు కొందరు. "అక్కడ పెడితే ఇంకెవడో ఎత్తుకుపోతాడు, బడిలోనే ఉంచుదాం" అన్నారు ఇంకొందరు. గోస్తనిలో వదిలేద్దాం, నీళ్లే దాన్ని మళ్లీ కరిగించుకుంటాయి అన్నాడు వెనక బెంచీ వాడు. చేతులెత్తించి లెక్కపెడితే మూడు వైపులకీ సమానంగా వచ్చాయి. అమ్మమ్మ పండుకున్న రాయిని చూసిన పిల్ల ఏ వైపూ చెయ్యెత్తలేదు. వాళ్ల అమ్మమ్మను అడిగి వచ్చి చెబుతానంది.

రాయి ఇప్పుడు తరగతి గది కిటికీ మీద ఉంది. ఆ పిల్ల శనివారం ఊరికెళ్లింది, ఇంకా రాలేదు.